నాలుక తిరిగొచ్చిన నెల

సెనో ఆ చిన్న సీసాను కౌంటర్ మీద టక్కున పెట్టిన తీరు చూస్తే, అందులో ఉన్నది సిగరెట్ బదులు పీల్చే వేప్‌లో పోసుకునే మామిడి లిక్విడ్ కాదు, ఎవరో అతనికి అంటగట్టిన గిల్టు నగ అనుకోవాలి.

"ఇందులో ఏమీ లేదండీ. ఉత్త వేడినీళ్ల ఆవిరి," అన్నాడు. "మీ ఓనరేమో మామిడి అన్నాడు. వారం నుంచి పీలుస్తున్నా. మామిడిపండు సంగతి దేవుడెరుగు, మామిడాకు వాసన కూడా రాలేదు."

కౌంటర్ వెనక అమ్మాయి తలెత్తలేదు. చిన్న స్క్రూడ్రైవర్‌తో ఏదో బిగిస్తోంది. బిగించడం అయ్యాక, మూత పెట్టాక, బల్ల తుడిచాక, తీరిగ్గా సీసా అందుకుని వాసన చూసింది.

"మామిడే. మీ వేప్ ఇటివ్వండి."

విప్పింది. లోపల లిక్విడ్ పీల్చుకునే దూదిని పట్టకారుతో పట్టుకుని పైకి లాగి, చచ్చిన బొద్దింకను చూపించినట్టు అతనికి చూపించింది. బొగ్గులా ఉంది.

ఆ తర్వాత జరిగిన విచారణ పోలీసు స్టేషన్‌లో కూడా జరగదు. దూదిని వేడెక్కించే తీగ, అదే కాయిల్, కొత్తది వేసినప్పుడు దూది మీద నాలుగు చుక్కలు వేసి తడిపారా? లేదు. నింపాక పది నిమిషాలు ఆగారా? లేదు, గుమ్మంలోనే లాగేశాడు. పవర్ ఎంత పెట్టారు? ఎంత ఉంటే అంత. నీళ్లు తాగుతున్నారా? కాఫీ తాగుతున్నాడు. సిగరెట్‌లా గబుక్కున లాగుతున్నారా? మరి ఎలా లాగుతారు?

ఆమె నిట్టూర్చి దూది మార్చింది. చుక్కలు వేసి తడిపింది. అతన్ని స్టూలు మీద కూర్చోబెట్టి గోడ గడియారం చూపించి, పది నిమిషాలు కదలొద్దంది. పవర్ సగానికి తగ్గించింది. గాలి రంధ్రాలు సగం మూసింది.

"ఇప్పుడు నెమ్మదిగా లాగండి. నోట్లో కాసేపు ఉంచి, ముక్కులోంచి వదలండి. తొందరేం లేదు, మీ వెనకాల పులేం రావట్లేదు."

సెనో అలాగే చేశాడు. గదంతా ఘుమఘుమలాడింది. గుమ్మంలోకి అడుగుపెట్టిన ఎవరో పెద్దాయన ఆగి, "అబ్బ, ఏం మామిడండీ, నాకూ అదే ఇవ్వండి," అన్నాడు.

ఆ గదిలో మామిడి తెలియనిది సెనోకి ఒక్కడికే.

ఆమె అప్పుడు మొదటిసారి అతన్ని సరిగ్గా చూసింది. అతనూ ఆమెను చూశాడు. లేతాకుపచ్చ స్కార్ఫ్ చుట్టుకున్న గుండ్రటి మొహం, అందులో ఎప్పుడు ఎవర్ని ఏడిపిద్దామా అని కాచుకు కూర్చున్న కళ్లు. షర్టు మీద బ్యాడ్జీలో వెనింగ్ అని ఉంది.

"రోజుకి ఎన్ని కాల్చేవారు?"

"రెండు పెట్టెలు. లవంగం సిగరెట్లే. పదేళ్ల నుంచి."

"ఏం చేస్తుంటారు?"

"సోతో హోటల్. గడియారం కూడలి దగ్గర. మా నాన్నగారిది," అన్నాడు సెనో కాస్త ఛాతీ విరిచి. గేదె మాంసం, మొలకలు, వేయించిన వెల్లుల్లి వేసి చిన్న చిన్న గిన్నెల్లో పోసే ఆ చారుకి కుదుస్ ఊళ్లో ఆయన పేరు ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఓహో," అంది వెనింగ్. "ఆ సముద్రం మీదేనా?"

"సముద్రమేంటి?"

"మొన్న మా అమ్మ మీ దగ్గర తినొచ్చి, సాయంత్రమంతా నీళ్ల కూజా ఒళ్లో పెట్టుకు కూర్చుంది. ఆడలేక మద్దెల ఓడు అన్నాడట వెనకటికెవడో. లోపం నా సీసాలో లేదు సార్." నాలుక కొస కాస్త బయటపెట్టి, వేలితో చూపించింది. "ఇక్కడుంది."

సెనోకి ఒళ్లు మండిపోయింది. లేచి విసురుగా బయటికి నడిచాడు. పదడుగులు వేశాక సీసా, వేప్ రెండూ కౌంటర్ మీదే ఉన్నాయని గుర్తొచ్చింది. ఆ రెండూ లేకపోతే సాయంత్రానికి సిగరెట్ పెట్టె చేతిలో ఉంటుంది. తలొంచుకుని వెనక్కి వచ్చాడు. ఆమె అప్పటికే రెండింటినీ కాగితంలో చుట్టి, గుమ్మం వైపు చెయ్యి చాచి కూర్చుంది.

నిజం చెప్పొద్దూ, అతనికి కోపం వచ్చింది ఆమె అబద్ధం చెప్పినందుకు కాదు.

తండ్రి పోయి రెండేళ్లు. ఆయన చేతి గరిటె సెనో చేతికి వచ్చీ రెండేళ్లు. ఈ రెండేళ్లలో బెంచీలు ఒక్కొక్కటిగా ఖాళీ అయ్యాయి. ఎందుకు ఖాళీ అయ్యాయో ఎవరూ చెప్పలేదు. కుదుస్‌లో మనిషి మొహం మీద వంట బాగాలేదని చెప్పడం కంటే ఊరు వదిలిపోవడం మర్యాద. అందరూ "బాగుంది నాయనా" అని గిన్నె పెట్టేసి వెళ్లారు. మళ్లీ రాలేదు.

కన్నతల్లి సుమార్ని కూడా ఉప్పు మాటెత్తలేదు. "నువ్వు బాగా అలిసిపోతున్నావు, కొన్నాళ్లు పర్మిన్‌కి ఇద్దామా గరిటె?" అని మాత్రం అంది. పర్మిన్ పినతండ్రి కొడుకు. ఆ మాట వింటే చాలు, సెనోకి గుండెలో ముల్లు దిగినట్టుండేది. సిగరెట్ మానేద్దామన్న బుద్ధి పుట్టింది కూడా అప్పుడే. తండ్రి జన్మలో ఒక్క సిగరెట్ ముట్టలేదు. సిగరెట్ల మీద బతికే ఊళ్లో అదొక వింత. ఆవిరి వాసన చూసి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పేవాడాయన.

ఆ సాయంత్రం సెనో ఇంటికి వెళ్లేసరికి తల్లి దిగులుగా కూర్చుని ఉంది. ఏటా రంజాన్ నెల ఇరవై ఒకటో రోజున సిగరెట్లు చుట్టే ఆడవాళ్ల షెడ్డులో అందరూ కలిసి ఉపవాసం విప్పుతారు. ఆ విందుకి సోతో ఈ ఇంటి నుంచే వెళ్లడం ఆనవాయితీ. ఈసారి షెడ్డు పెద్ద సుకేసి ఇంకెవరికైనా చెబుదామనుకుంటోందట. సుమార్ని వెళ్లి బతిమాలితే సరే, ఈ ఒక్కసారికి అందట.

"అది కూడా కుదరకపోతే గరిటె పర్మిన్‌కి ఇచ్చేద్దాం నాయనా," అంది తల్లి మెల్లగా. "సుకేసి గారు మొన్న మన దగ్గర తిన్నారు. నన్ను చూసి ఏమన్నారో తెలుసా? సముద్రం అన్నారు."

సెనో తాగబోతున్న కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు. ఆ వేప్ షాపు పిల్ల సుకేసి కూతురన్నమాట. తల్లేమో ముప్ఫై మందితో లవంగం సిగరెట్లు చుట్టిస్తుంది, కూతురేమో వాటిని మాన్పించే సీసాలు అమ్ముతుంది. ఆ ఇంట్లో భోజనాల వేళ ఎలా ఉంటుందో అనుకున్నాడు.

మర్నాడు మళ్లీ షాపుకి వెళ్లాడు. దూది కోసం. ఆ మర్నాడు కాయిల్ కోసం. దానిమర్నాడు ఏం కావాలో ముందే ఆలోచించుకోవడం మర్చిపోయి, గుమ్మంలో నిలబడి నీళ్లు నమిలాడు.

"ఏం అయిపోయింది ఇవాళ?" అంది వెనింగ్. "దూది మొన్ననే మూరెడు కొన్నారు. పరుపు కుట్టిస్తున్నారా?"

పాఠాలు మాత్రం శ్రద్ధగా చెప్పేది. తీపి ఎక్కువున్న సీసాలు కాయిల్‌కి జిగురు పట్టిస్తాయి, వద్దు. ఒకటే ఫ్లేవర్ పొద్దస్తమానం లాగితే నాలుకకి విసుగొస్తుంది, పూటకొకటి మార్చండి. సీసా ఎండలో పెట్టొద్దు, చీకట్లో పెడితే పచ్చడి ఊరినట్టు రుచి ఊరుతుంది. మధ్యమధ్య నీళ్లు తాగండి. అన్నిటికన్నా ముఖ్యం, దొంగచాటుగా సిగరెట్ ముట్టొద్దు. వారం గడిచాక లిక్విడ్‌లో నికోటిన్ మోతాదు ఆరు నుంచి మూడుకి దింపింది. అతను ఒప్పుకున్నాడు. అప్పటికి ఆమె ఏం చెప్పినా ఒప్పుకునే స్థితికి వచ్చేశాడు, పాపం.

రంజాన్ రేపనగా కుండపోత వర్షం. షాపులో ఇద్దరే. రేకుల మీద వానమోతకి మాట వినపడాలంటే దగ్గరికి జరగాలి. సెనో ఆ వానకి మనసులో దండం పెట్టుకున్నాడు.

వెనింగ్ కింద నుంచి ఒక సీసా తీసింది. పనస అని రాసి ఉంది. కొత్తగా వచ్చిందట, ఎలా ఉందో చెప్పమంది. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, కళ్లు పెద్దవి చేసుకుని అతని జవాబు కోసం చూస్తోంది. అలా చూస్తుంటే వేపాకు కషాయాన్ని కూడా మెచ్చుకోవాలనిపిస్తుంది.

"అద్భుతం," అన్నాడు సెనో. "తొన తొనగా తెలుస్తోంది."

"నిజంగా?"

"నిజంగా. చివర్లో కాస్త తేనె కూడా."

"తేనె కూడానా?"

"తేనె కూడా."

వెనింగ్ నెమ్మదిగా సీసా మీది కాగితాన్ని గోటితో ఊడదీసింది. కింద ఇంకో కాగితం ఉంది. ఫ్లేవర్ లేనిది అని రాసి ఉంది.

"ఇది మేం కలుపుకోడానికి వాడే ఖాళీ లిక్విడ్. ఇందులో పనసా లేదు, తేనే లేదు."

దొంగకి తేలు కుట్టినట్టయింది సెనో పని. వాన కూడా తన మీద నవ్వుతోందనిపించింది. కానీ వెనింగ్ నవ్వలేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది.

"మీ నాలుక ఇంకా రాలేదు, ఫర్వాలేదు, వస్తుంది," అంది. "కానీ నన్ను సంతోషపెట్టాలని అబద్ధం చెప్పారు చూడండి, అది నాకు నచ్చలేదు. మీ హోటల్లో అందరూ మీకు చేసింది కూడా ఇదే. బాగుంది బాగుంది అని మిమ్మల్ని ముంచేశారు. మా అమ్మ ఒక్కతే నిజం చెప్పింది, దానికి మీకు కోపమొచ్చింది."

ఆ సీసాకి మూత బిగించి మళ్లీ కింద పెట్టేసింది.

"ఒక పందెం. నేను చేసింది బాగాలేదని మీరు నా మొహం మీద చెప్పిన రోజు, నేనొచ్చి మీ సోతో తింటాను. అప్పటిదాకా మీ చేతి చుక్క నా నోట్లో పడదు."

ఉపవాసాలు మొదలయ్యాయి. పగలంతా సిగరెట్ లేదు, వేప్ లేదు, మంచినీళ్లు కూడా లేవు. సాయంత్రం ఉపవాసం విప్పమని మసీదు మినారు మీద పెద్ద డోలు మోగే వేళకి హోటల్ తెరవాలి. వండేటప్పుడు రుచి చూడకూడదన్నది ఆ ఇంటి కట్టుబాటు. చెయ్యి అలవాటు కొద్దీ వేస్తుంది, అంతే. ఆ చేతికి అలవాటైంది పొగ తాగేవాడి ఉప్పు.

సముద్రం అన్న మాట విన్నప్పటి నుంచి సెనో రెండుసార్లు ఉప్పు తగ్గించి చూశాడు. రెండుసార్లూ డోలు మోగాక నాలుక మీద వేసుకుంటే చప్పిడి అనిపించింది. మళ్లీ గుప్పెడు వేశాడు. ఎవర్ని నమ్మాలి మరి? తన నాలుకనా, ఆ పిల్ల నాలుకనా?

పన్నెండో రోజు డోలు మోగింది. ఖర్జూరం తిని, నీళ్లు తాగి, గిన్నెలో సోతో పోసుకుని ఒక చెంచా నోట్లో పెట్టుకున్నాడు. వెంటనే ఉమ్మేశాడు.

"అమ్మా, ఇందులో ఇంత ఉప్పు ఎవరు వేశారు?"

సుమార్ని చేతిలో ఖర్జూరం చేతిలోనే ఉండిపోయింది. కొడుకు మొహంలోకి చూసింది. "నువ్వే నాయనా," అంది. "రెండేళ్ల నుంచి."

"మరి చెప్పలేదేంటి నాకు?"

"మీ నాన్న పోయినప్పటి నుంచి నీ మొహం ఎలా ఉండేదో నాకు తెలుసు. ఆ మొహం చూసి ఎలా చెప్పమంటావురా?"

సెనో గిన్నె పక్కకి నెట్టేశాడు. రెండేళ్ల పాటు ఊరందరికీ తను పోసింది ఇదా అని సిగ్గుతో చచ్చిపోయాడు. ఆ సిగ్గులోనే ఎక్కడో సంతోషం కూడా వేసింది, ఎందుకంటే ఉప్పు తెలిసింది. ఉప్పు తెలిసిందంటే మిగతావి కూడా దారిలో ఉన్నట్టే.

తర్వాత వారం రోజుల్లో అవి ఒక్కొక్కటీ వచ్చాయి. మామిడి వచ్చింది. కాఫీలో చేదు వచ్చింది. ఒక సాయంత్రం వెనింగ్ దూది మార్చడానికి కౌంటర్ మీదకి వంగినప్పుడు ఇంకొకటి కూడా వచ్చింది. అది సీసాల్లోది కాదు. ఏమిటో అడగడానికి అతనికి ధైర్యం చాలలేదు. ఆ రోజు నుంచి దూది నల్లబడకపోయినా మార్పించుకునేవాడు.

ఇరవై ఒకటో రోజు రానే వచ్చింది. షెడ్డు వాకిట్లో పెద్ద బాన పొయ్యి మీదకి ఎక్కింది. సుమార్ని పక్కన నిలబడి, గరిటె వంకా కొడుకు వంకా మార్చి మార్చి చూస్తోంది. సెనో ఉప్పు వేశాడు, మామూలుగా వేసేదాంట్లో మూడో వంతు. కాసేపటికి చెయ్యి తనంతట తానే ఉప్పు డబ్బాలోకి వెళ్లింది. ఆ చేతిని ఇంకో చేత్తో పట్టుకుని బయటికి లాగాడు. తల్లి ఇంకొంచెం వెయ్యరా, చాలదేమో అంది. అతను తల అడ్డంగా ఊపి, బాన మీదకి వంగి, తండ్రి చేసినట్టు కళ్లు మూసుకుని ఆవిరి పీల్చాడు. ముందు వెల్లుల్లి వచ్చింది. దాని వెనక ధనియాలు. వాటి వెనక ఎక్కడో మాంసం. రెండేళ్లుగా ఇవన్నీ ఇక్కడే ఉన్నాయి, తనే లేడు.

"ఇక వద్దమ్మా," అన్నాడు. వడ్డించమని గరిటె తల్లి చేతికిచ్చాడు.

షెడ్డులోంచి ఆడవాళ్లు వచ్చి చాపల మీద కూర్చున్నారు. ముప్ఫై మంది పక్కనా ముప్ఫై పెద్ద నీళ్ల సీసాలు. ఒకరిద్దరు రెండేసి తెచ్చుకున్నారు. మర్యాదస్తులు కదా, ఒక్కరూ ఏమీ అనలేదు. సుకేసి పక్కన వెనింగ్ కూర్చుంది, అదే లేతాకుపచ్చ స్కార్ఫ్‌తో.

డోలు మోగింది. ఖర్జూరాలు అయ్యాయి. గిన్నెలు నిండాయి. సుకేసి యుద్ధానికి వెళ్తున్నదానిలా చెంచా ఎత్తింది. నోట్లో పెట్టుకుంది. ఆగింది. మళ్లీ పెట్టుకుంది. మూడోసారికి చెంచా పక్కన పడేసి గిన్నె ఎత్తి తాగేసింది.

"సుమార్నీ, ఇది నీ చెయ్యా?" అంది.

"కాదండీ, మావాడిదే," అంది సుమార్ని. కళ్లలో నీళ్లు తిరుగుతుంటే చేతిలోని గరిటెను కొడుకు చేతిలో పెట్టేసి పక్కకి తిరిగింది.

సుకేసి ఖాళీ గిన్నె చాచింది. ఆ తర్వాత చెప్పుకోవాల్సిందేముంది, ముప్ఫై గిన్నెలూ చాచుకుని వచ్చాయి. నీళ్ల సీసాలు మాత్రం మూతలు తియ్యకుండా అలాగే ఉండిపోయాయి.

ఒక్క గిన్నె ఇంకా నిండుగా ఉంది. అది వెనింగ్‌ది. ఒక్క చుక్క కూడా ముట్టలేదు.

ఆమె లేచి వచ్చి సెనో చేతిలో చిన్న సీసా పెట్టింది. తనే కలిపిందట. లవంగం. మూడు వారాలు బియ్యం డబ్బా వెనక చీకట్లో ఊరబెట్టిందట. పండక్కి షాపులో పెట్టాలని ఆశట. నికోటిన్ లేదు. చెప్పండి, ఎలా ఉందో అంది. ముప్ఫై మంది లవంగాల నిపుణులు తినడం ఆపి చూస్తున్నారు.

సెనో వేప్‌లో పోసి, పది నిమిషాలు ఆగి, నెమ్మదిగా లాగాడు. నోట్లో ఉంచి ముక్కులోంచి వదిలాడు. ఆమె కళ్లలోకి చూశాడు. ఆ కళ్లు ఎంత ఆశగా ఉన్నాయంటే, బాగుంది అనడానికి సగం నోరు తెరిచాడు కూడా. పనస గుర్తొచ్చింది. తేనె గుర్తొచ్చింది.

"బాగాలేదు," అన్నాడు. "పన్ను నొప్పికి దూదిలో పెట్టే లవంగ నూనెలా ఉంది."

షెడ్డంతా గొల్లుమంది. వెనింగ్ మొహం ఎర్రబడింది. కూతుర్ని అన్నందుకో, లవంగాన్ని అన్నందుకో గాని సుకేసికి రోషమొచ్చింది.

"ఏమయ్యా, పెద్ద తెలిసినట్టు చెబుతున్నావు. మరి లవంగం వాసన ఎలా ఉండాలంటావు?"

ఒకసారి నిజం చెప్పడం మొదలెట్టిన మనిషికి ఎక్కడ ఆపాలో తెలియదు. "మీ అమ్మాయి దూది మార్చడానికి వంగినప్పుడు స్కార్ఫ్ కొసల్లోంచి వస్తుందండీ, అలా," అనేశాడు.

ముప్ఫై తలలూ వెనింగ్ వైపు తిరిగాయి. సెనోకి తన నోటి నుంచి ఏం ఊడిపడిందో అప్పుడు అర్థమైంది. గరిటె పట్టుకుని బాన వెనక్కి జరిగాడు.

సుకేసి కూతుర్ని చూసింది, తన పని బట్టలు చూసుకుంది. తల్లీ కూతుళ్ల బట్టలు ఒకే తీగ మీద ఆరతాయి, షెడ్డు లవంగం స్కార్ఫ్‌కీ అంటింది.

"ముప్ఫై మందిమి పొద్దస్తమానం కూర్చుని చుడితే," అంది చివరికి, "ఒక్క సిగరెట్ కొనకుండా మా లవంగం కొట్టేశాడే వీడు." సుమార్ని వైపు తిరిగింది. "పండగ అయ్యాక మూడో రోజు ఇద్దరూ మా ఇంటికి రండి. మిఠాయిలూ అవీ వద్దు. ఇదే బాన తీసుకురండి."

నవ్వులు, ఈలలు, చేతిలో నీళ్ల సీసాలతో దరువులు. ఆ గోలలో వెనింగ్ తన గిన్నె ఎత్తి ఒక్క చెంచా నోట్లో పెట్టుకుంది. కళ్లు మూసుకుంది. ఆ ఒక్క క్షణం సెనోకి రంజాన్ నెలంత పొడుగనిపించింది.

"ఉప్పు సరిపోయింది," అంది. తర్వాత అతనికి మాత్రమే వినపడేలా, "ఆ సీసాలో లవంగం నాలుగింతలు నేనే కావాలని వేశాను. అసలుది బియ్యం డబ్బా వెనకే ఉంది. బాగుందని అని ఉంటే రేపట్నుంచి మీకు దూది కూడా అమ్మేదాన్ని కాదు."

పిల్లికి చెలగాటం అంటే ఇదే కాబోలు అనుకున్నాడు ఎలుక.

పండగ అయిన మూడో రోజు బాన వెళ్లింది, పెద్దవాళ్లు మాట్లాడుకున్నారు, పెళ్లికి రోజులు లెక్క చూశారు. ఆ సందట్లో వెనింగ్ అసలు సీసా తెచ్చి సెనోకి ఇచ్చింది. అతను మూత తీసి వాసన చూశాడు. మొదట ఎండిన లవంగం, తర్వాత కాస్త తీపి, ఆఖర్న ఉతికి ఆరేసిన బట్ట వాసన. వేప్ కోసం జేబులో చెయ్యి పెట్టాడు. లేదు. ఇంట్లోనే మర్చిపోయి వచ్చాడు. పొద్దుట్నుంచి గుర్తే రాలేదు.

మూత బిగించి సీసా ఆమె చేతిలోనే పెట్టాడు.

"చాలా బాగుంది. షాపులో పెట్టు," అన్నాడు. "నాకొద్దు."

"నిజంగా బాగుంటే ఎందుకొద్దు?" అంది వెనింగ్ కళ్లు చిట్లించి.

"అసలుది ఇంటికే వస్తోందిగా."